పట్టె కింద పెన్నీ

శనివారం, రాత్రి పదకొండు

రెండుసార్లు గిన్నెల సబ్బుతో, ఒకసారి పంచదారా నూనే కలిపి రుద్దినా గోళ్ల కింద నలుపు పోలేదు. సోమవారం మీటింగులో చేతులు టేబుల్ కింద పెట్టుకోవాల్సిందే.

పొద్దున్నుంచీ వాన. ఇంగ్లండ్‌లో, అందులోనూ కవెంట్రీలో వాన పడిందని డైరీలో రాయడం, ఇవాళ అన్నం తిన్నాను అని రాయడం లాంటిది. గ్యారేజీ తలుపు సగం ఎత్తి, చిన్న హీటర్ పెట్టుకుని కూర్చున్నాను. పెట్టుకున్న పని ఒక్కటే, మా పాత కారుకి ఎడమవైపు కింది చెక్క పట్టె ఊడదీయడం.

మాది మోరిస్ మైనర్ ట్రావెలర్. 1968లో రిజిస్టరైంది, నంబరు చివర ఎఫ్ అక్షరం. వెనక సగమంతా చెక్క చట్రం, మధ్యలో అల్యూమినియం రేకులు. చూసినవాళ్లు ఆ చెక్క సోకు కోసం అంటించారనుకుంటారు. కాదు, కారు వెనక భాగాన్ని నిలబెట్టేదే ఆ యాష్ చెట్టు కర్ర. అది చివికిపోతే తనిఖీలో ఫెయిల్ చేస్తారు. నలభై ఏళ్లు దాటిన బండ్లకి 2018 నుంచి ఎంఓటీ అనే ఆ తనిఖీ తప్పనిసరి కాదు కానీ, పిల్లని ఎక్కించుకునే కారు కదా, నేను మాత్రం చేయిస్తాను.

మొదటి నెలలో నేను చేసిన ఘనకార్యం ఒకటి రాసి పెట్టుకోవాలి. నా దగ్గరున్నవన్నీ మిల్లీమీటర్ స్పానర్లు. ఈ కారు నట్లేమో అంగుళాల లెక్కవి. అరంగుళం నట్టుకి పదమూడో నంబరు స్పానర్ చక్కగా పట్టినట్టే ఉంటుంది. తేడా 0.3 మిల్లీమీటరు. తుప్పు పట్టిన నట్టు మీద ఒక్క లాగు లాగితే ఆ తేడా ఎంతో తెలిసొస్తుంది, మూలలన్నీ అరిగి నట్టు గుండ్రంగా తయారవుతుంది. రెండు నట్లు అలా పాడుచేశాక పక్కింటి పెద్దాయన చూడలేక తన అంగుళాల స్పానర్ల డబ్బా తెచ్చి ఇక్కడే వదిలేశాడు. దానికి అద్దెగా ఆయన చెప్పే కథలు వినాలి. కారుని గీసిన ఇసిగోనిస్ ఆఖరి నిమిషంలో ఇది మరీ సన్నగా ఉందని, నమూనా కారుని నిలువునా కోయించి, రెండు ముక్కల్నీ నాలుగంగుళాలు ఎడంగా జరిపి చూశాడు. బానెట్ మధ్యలో ఉన్న పట్టీ ఆ నాలుగంగుళాలే. కంపెనీ పెద్ద లార్డ్ నఫీల్డ్‌కి కారు అస్సలు నచ్చలేదు, పోచ్డ్ ఎగ్‌లా ఉందన్నాడట. ఆ గుడ్డే 1948 నుంచి 1971 దాకా పదహారు లక్షలు అమ్ముడైంది. ఈ కథ ఇవాళ మూడోసారి విన్నాను. మొదటిసారి విన్నట్టే మొహం పెట్టాను.

సరే, పట్టె. పైకి నిగనిగలాడుతోంది. స్క్రూడ్రైవర్ ఆనించగానే టీలో ముంచిన బిస్కెట్‌లోకి దిగినట్టు దిగిపోయింది. చెక్క అనుకున్నదాంట్లో సగానికి పైగా లప్పమే. కారు సొట్టలకి పెడతారే, అదే. దాని మీద గోధుమరంగు పూసి, చెక్కలో ఉండే చారల్ని సన్నటి బ్రష్‌తో ఒక్కొక్కటీ గీశారు. ఒకచోట చిన్న కణుపు కూడా వేశారు! తిట్టుకుంటూనే కాసేపు దాన్ని చూస్తూ కూర్చున్నాను. అంత ఓపికున్న మనిషి కర్ర మార్చొచ్చుగా!

ఎవరి హయాంలో జరిగిందో తెలుసుకుందామని ఫైలు తీశాను. కారుతో పాటు వచ్చిన ఆస్తి ఇదే. అడుగున పాత గోధుమరంగు లాగ్‌బుక్, అంటే బండి రిజిస్ట్రేషన్ పుస్తకం. అందులో రెండే పేర్లు. మొదటి ఆవిడ వార్విక్‌షైర్‌లో ఒక పల్లెటూరావిడ, 1973 దాకా ఆవిడ దగ్గరే ఉంది. తర్వాత లెమింగ్టన్‌లో ఒకాయన. కౌంటీ వాళ్ల ముద్రలు, సిరా అలుక్కుపోయిన తేదీలు. ఆ తర్వాత దేశంలోని బండ్ల లెక్కలన్నీ స్వాన్సీలో సర్కారు ఆఫీసు కంప్యూటర్‌కి ఎక్కాయి కాబట్టి ఈ పుస్తకం అక్కడితో సరి. మూడో మనిషి, నాలుగో మనిషి బిల్లుల్లోనే కనిపిస్తారు. మూడో ఆయన టైర్ల బిల్లు వెనక బంగాళాదుంపలు, కోడిగుడ్లు అని సామాన్ల చీటీ రాసుకున్నాడు. నాలుగో ఆయన దగ్గర పదకొండేళ్లు కారు పాకలోనే ఉండిపోయింది. లప్పం బిల్లు మాత్రం ఎక్కడా లేదు. అలాంటి పనికి బిల్లు ఎవరిస్తారు?

ఇప్పటి పుస్తకంలో నాకు ముందు నలుగురని అంకె ఒక్కటే ఉంది. నా పేరు పక్కన కూడా ఓనర్ అని ఉండదు, రిజిస్టర్డ్ కీపర్ అనే ఉంటుంది. ఇది యాజమాన్యానికి రుజువు కాదని అక్కడే అచ్చేస్తారు. పాలికి తెచ్చుకున్న గేదె లాగన్నమాట. మేత మనది, పేడ మనది.

మధ్యాహ్నం పట్టె మొత్తం ఊడొచ్చింది. దాని వెనక గాడిలో గుప్పెడు నల్లటి మడ్డి. చెంచాతో గీకుతుంటే టంగుమంది. పాత టూత్‌బ్రష్‌తో కడిగితే పెద్ద పెన్నీ, 1967. ఒకవైపు రాణి, ఇంకోవైపు త్రిశూలం పట్టుకుని కూర్చున్న బ్రిటానియా దేవత. ఇప్పటి పెన్నీ పక్కన పెడితే తల్లీ పిల్లలా ఉన్నాయి. పౌనుకి 240 పెన్నీల కాలం నాటిది. 1971 ఫిబ్రవరి 15న లెక్క వందకి మారింది, ఆ ఆగస్టు తర్వాత ఈ పెద్ద పెన్నీలు చెల్లలేదు. అంటే ఇది మొదటావిడ చేతిలోంచి జారిందే. ఎవరో దాచుకున్న పాత నాణెం తర్వాతెప్పుడో పడి ఉండొచ్చుగా అన్నాడు మా ఆయన. ఉండొచ్చు. నాకు మాత్రం పల్లెటూరావిడే కావాలి. కూరగాయల సంచీ వెనక పెట్టి తలుపులు మూస్తూ చిల్లర పారేసుకున్న ఆవిడ.

సాయంత్రం రాజమండ్రి నుంచి నాన్న వీడియో కాల్. "ఏమ్మా, ఎంతవరకు వచ్చింది నీ రథం?"

"చెక్కకి లప్పం పెట్టారు నాన్నా."

ఫోన్ ఊగిపోయేలా నవ్వారు. "మన అంబాసిడర్ తలుపులో ఉన్నదేంటనుకున్నావు?"

మన అంబాసిడర్ కూడా మోరిస్ ఆక్స్‌ఫర్డే కదా, ఈ కారుకి దగ్గర చుట్టం. ముందు సీట్లో కాళ్లు పెట్టేచోట చూపించమన్నారు. ఫోన్ కిందకి దించగానే, "అదిగో! క్లచ్ పక్కన బొత్తాం! హెడ్‌లైట్ డిప్పర్, కాలితో నొక్కేది!" అని అమ్మని కేకేశారు. అమ్మ వచ్చి చూసి, ఆ చీకట్లో ఏం కనపడట్లేదని చెప్పి వెళ్లిపోయింది. నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "హ్యాండిల్ కొట్టి ఇంజన్ స్టార్ట్ చేసేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్లవైపే పెట్టుకో, చుట్టూ బిగించకు. ఎదురు తన్నిందంటే విరుగుతుంది" అన్నారు.

కొత్త పట్టె పెట్టి చూశాను. రెండు మిల్లీమీటర్లు పొడుగుంది. రాత్రి పూట చిత్రిక పడితే పక్కింట్లో ఊరుకోరు. పెన్నీ కిటికీ దగ్గర ఆరుతోంది. రేపు వాన లేదంటున్నారు, నేను నమ్మను.