పీహెచ్‌డీ ఒక దారి, సైకోఎనాలిసిస్ శిక్షణ ఇంకో దారి: బెంగళూరులో నా అనుభవం

క్లినికల్ సైకాలజీలో పీహెచ్‌డీ చేరితే సైకోఎనాలిసిస్ (మనకే తెలియకుండా మనసు లోతుల్లో ఉన్నదాన్ని మాటల ద్వారా వెతికే, ఫ్రాయిడ్ మొదలుపెట్టిన పద్ధతి) కూడా అందులోనే వచ్చేస్తుందా అని అనంతపురం, తిరుపతి వైపు జూనియర్లు అప్పుడప్పుడూ ఫోన్ చేసి అడుగుతుంటారు. రాదు. నేను చదువుతున్న చోట అయితే రాలేదు. ఫ్రాయిడ్‌నీ, ఆయన తర్వాతి ఎనలిస్టులు క్లైన్, విన్నికాట్‌లనూ ఒక పేపర్లో చదువుతాం, పరీక్ష రాస్తాం, ఆ తర్వాత ఓపీలో కూర్చుంటే చేతికొచ్చేవి ఇంటేక్ ఫారాలు, ఐక్యూ టెస్టులు, రోర్‌షా కార్డులు (సిరా మరకలు చూపించి ఏం కనిపిస్తోందో అడిగేవి), ఎక్కువ కేసులకు సీబీటీ, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే థెరపీ. అవన్నీ కావాల్సినవే, నేనేమీ తక్కువ చేయను. కానీ ఒక మనిషి చెప్పేది వారం వారం, ఏళ్ల తరబడి ఎలా వినాలో నేర్చుకుందామని వచ్చేవాళ్లు ఆ ఏర్పాటు బయట చేసుకోవాల్సిందే. ముందే తెలిస్తే డబ్బు, టైమ్ రెండూ చూసుకుని దిగొచ్చు, అందుకే ఇదంతా రాస్తున్నాను.

మొదట రిజిస్ట్రేషన్ సంగతి. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే ఆర్‌సీఐ, అంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా దగ్గర పేరు నమోదై ఉండాలి. ఇన్నాళ్లూ దానికి అసలు దారి రెండేళ్ల ఎంఫిల్. 2022 యూజీసీ నిబంధనలు ఎంఫిల్‌ను ఎత్తేశాయి, క్లినికల్ సైకాలజీకి మాత్రం తర్వాత కొంత గడువు ఇచ్చారు, కాబట్టి ఇప్పుడు చేరేవాళ్లు ఆ ఏడాది ఏ కోర్సుకు గుర్తింపు ఉందో ఆర్‌సీఐ సైట్‌లో చూసుకున్నాకే ఫీజు కట్టండి. మామూలు యూనివర్సిటీలో సైకాలజీ పీహెచ్‌డీ చేస్తే పేరు ముందు డాక్టర్ వస్తుంది, రిజిస్ట్రేషన్ రాదు. నేను ఎంఫిల్ ఇక్కడే ముగించి పీహెచ్‌డీలో చేరాను.

నా అంశం, థెరపిస్టుకీ పేషెంటుకీ మధ్య నమ్మకం ఎక్కడ తెగుతుంది, తెగాక మళ్లీ ఎలా అతుకుతుంది అని. సినాప్సిస్ రోజున కమిటీలో మొదటి ప్రశ్నే "సైకోఎనాలిసిస్‌కి ఎవిడెన్స్ ఏది?" ఇది అడగాల్సిన ప్రశ్నే, దీనికి కోపం తెచ్చుకోకూడదు. 2010లో జోనాథన్ షెడ్లర్ అమెరికన్ సైకాలజిస్ట్ పత్రికలో రాసిన వ్యాసం నాకు బాగా పనికొచ్చింది. సైకోడైనమిక్ థెరపీ (సైకోఎనాలిసిస్ ఆలోచనల నుంచి వచ్చిన థెరపీ) వల్ల కలిగే మేలు మిగతా థెరపీలకు తీసిపోదనీ, థెరపీ ఆగిపోయాక కూడా నిలబడుతోందనీ పాత అధ్యయనాలన్నీ కూడగట్టి చూపించాడు. దాని మీద విమర్శలు కూడా వచ్చాయి, అవి కూడా చదివే వెళ్లండి.

నాకు నిజంగా బాధ కలిగించే విషయం ఒకటుంది. గిరీంద్రశేఖర్ బోస్ 1921లో కలకత్తా యూనివర్సిటీ నుంచి సైకాలజీలో డాక్టరేట్ తీసుకున్నాడు, అంశం రిప్రెషన్, అంటే బాధపెట్టేవాటిని మనసు మనకు తెలియకుండానే అణచేయడం. మరుసటి ఏడాదే, 1922లో, ఇండియన్ సైకోఎనలిటికల్ సొసైటీ పెట్టాడు. అంటే మన దేశంలో ఈ రెండు దారులూ ఒకే మనిషి దగ్గర మొదలయ్యాయి, వందేళ్లలో ఒకదాన్నొకటి పలకరించుకోనంత దూరం జరిగాయి.

సైకోఎనాలిసిస్ శిక్షణలో మూడు భాగాలు: మనం స్వయంగా ఎనాలిసిస్ చేయించుకోవడం, మన కేసులకు సూపర్‌విజన్ (అనుభవమున్నవాళ్లకు మన కేసు చెప్పి నేర్చుకోవడం), సెమినార్లు. 1920లో బెర్లిన్‌లో మాక్స్ ఐటింగన్ వాళ్లు మొదలుపెట్టిన క్లినిక్‌లో కుదిరిన పద్ధతి ఇది. ఇంటర్నేషనల్ సైకోఎనలిటికల్ అసోసియేషన్ ప్రమాణాల ప్రకారం ఎనాలిసిస్ వారానికి మూడు నుంచి ఐదు సెషన్లు ఉండాలి. నాకు ప్రస్తుతం దొరికింది సూపర్‌విజన్, సొంత థెరపీ, శనివారాలు ఒక రీడింగ్ గ్రూపు. దీన్ని ఎనలిస్టు శిక్షణ అనను. కానీ ఇది లేకుండా నేను ఈ పని చేయలేను.

సూపర్‌విజన్ అంటే ఏమిటో ఒక్క ఉదాహరణ చెప్తాను, పేషెంటు వివరాలు మార్చాను. నాకు సూపర్‌విజన్ ఇచ్చే మేడంది చిత్తూరు, ముప్పై ఏళ్లుగా ఇక్కడే ప్రాక్టీసు. సెషన్లో నోట్స్ రాయనివ్వరు, రికార్డింగ్ అసలే వద్దంటారు. అయిపోయాక గది తలుపు వేసుకుని ఎవరి తర్వాత ఎవరు ఏమన్నారో గుర్తున్నంత వరకు రాసి తీసుకెళ్లాలి. ఒకసారి నేను "పేషెంటు కాసేపు మౌనంగా ఉంది, తర్వాత వాళ్లమ్మ గురించి చెప్పింది" అని చదివాను. మేడం ఆపేశారు. "కాసేపంటే ఎంతసేపు? దానికి ముందు నువ్వేమన్నావు?" వచ్చే వారం కాన్ఫరెన్స్ ఉంది, నేను రాను అని ఆ పేషెంటుకు చెప్పాను. ఆ తర్వాతే ఆ అమ్మాయి, చిన్నప్పుడు వాళ్లమ్మ తనని అమ్మమ్మ దగ్గర వదిలి కువైట్ వెళ్లిన సంగతి ఎత్తింది. "వాళ్లమ్మ గురించే కాదమ్మా, నీ గురించి కూడా చెప్తోంది. కానీ ఇది పోయి ఆమెకు వెంటనే చెప్పేయకు, నీ మనసులో పెట్టుకో" అన్నారు మేడం. నేను తిరిగొచ్చాక ఆ అమ్మాయి బాగా లేటుగా వచ్చింది. నేను ఆ వారం లేకపోవడం ఎలా అనిపించింది అని మాత్రం అడిగాను. చాలాసేపు చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ కూర్చుని, "మీరైనా చెప్పి వెళ్లారు మేడం" అంది. వాళ్లమ్మ తెల్లవారుజామున, పిల్ల నిద్రలో ఉండగా వెళ్లిపోయిందని అప్పుడే తెలిసింది. థీసిస్‌లో నమ్మకం తెగడం, అతకడం అని నేను పేర్లు పెట్టి వర్గీకరిస్తున్నది ఇదే, కానీ దాన్ని గుర్తుపట్టడం నాకు నేర్పింది కోర్స్‌వర్క్ కాదు.

ఇక డబ్బు. జేఆర్ఎఫ్, అంటే పీహెచ్‌డీ చేసేవాళ్లకు ఇచ్చే ఫెలోషిప్, 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. నా థెరపిస్టు మామూలు ఫీజు రెండు వేలు, స్టూడెంట్ అని తగ్గించారు, వారానికి ఒకసారి వెళ్తాను. అదే రెండు వేల లెక్కన వారానికి మూడుసార్లంటే నెలకు 24,000, మిగిలినదాంతో బెంగళూరులో పీజీ హాస్టల్, భోజనం, సూపర్‌విజన్ ఫీజు గడవవు. "ఇన్ని పరీక్షలు పాసయ్యావు కదమ్మా, ఇంకా ఎవరికో డబ్బిచ్చి కూర్చోవడం దేనికి?" అని నాన్న అడిగారు. ఎదుటివాళ్ల బాధ వింటుంటే మనలో ఏం కదులుతుందో తెలియకుండా వినలేం నాన్నా అని చెప్పాను, ఆ తర్వాత ఆయన మళ్లీ అడగలేదు. బెర్లిన్ క్లినిక్‌లో డబ్బు లేనివాళ్లకు ఉచితంగా కూడా వైద్యం చేసేవాళ్లు, ఆ పద్ధతిలోంచి శిక్షణ భాగం మాత్రమే మనదాకా వచ్చి ఆ ఉచితం రాకపోవడం నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది. ఒక జాగ్రత్త: మీకు మార్కులు వేసే ఫ్యాకల్టీ దగ్గర థెరపీకి వెళ్లొద్దు, వాళ్లు ఎంత మంచివాళ్లయినా సరే.

అమెరికా వెళ్తే నయమా అని కూడా అడుగుతారు. న్యూయార్క్‌లో అడెల్ఫి, సిటీ కాలేజ్ లాంటి చోట్ల డాక్టరేట్‌లోనే సైకోఎనలిటిక్ ఆలోచన బలంగా ఉంది, అది నిజం. కానీ ఎనలిస్టు కావాలంటే అక్కడ కూడా డిగ్రీ తర్వాత వేరే ఇన్‌స్టిట్యూట్‌లో చేరాల్సిందే. ఆ తలుపులు కూడా ఊరికే తెరుచుకోలేదు. డాక్టర్లు కానివాళ్లు కూడా ఎనలిస్టులు కావచ్చని ఫ్రాయిడ్ 1926లోనే వాదించినా, అమెరికన్ సైకోఎనలిటిక్ అసోసియేషన్ చాలాకాలం సైకాలజిస్టులను దాదాపు దూరంగానే ఉంచింది. 1985లో నలుగురు సైకాలజిస్టులు కోర్టుకెక్కితే 1988లో రాజీ కుదిరింది.

నేనిప్పుడు థీసిస్ రాస్తున్నాను. అది సబ్మిట్ చేశాక పూర్తి శిక్షణకు అప్లై చేయాలని ఉంది, దానికోసం ఇప్పటి నుంచే కొంచెం కొంచెం దాస్తున్నాను. మీలో ఎవరైనా పీహెచ్‌డీ ఇంటర్వ్యూకి వెళ్తుంటే, ప్రాస్పెక్టస్‌లో సైకోడైనమిక్ అన్న మాట చూసి ఆగిపోకండి. ఒకే పేషెంటును ఏడాదికి పైగా చూడనిస్తారా, ఆ కేసుకు వారం వారం సూపర్‌విజన్ ఎవరిస్తారు అని ప్యానెల్‌నే అడగండి, వీలైతే బయటికొచ్చాక అక్కడి మూడో ఏడాది స్టూడెంట్లను కూడా అడగండి.