ఒక్క ‘కీ’ శబ్దం కోసం ఎస్.పి. రోడ్డు దాకా

బెంగళూరు కె.ఆర్. పురంలో మా ఇంట్లో 2012లో అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్ ఒకటుంది. హెచ్61 మదర్‌బోర్డు, రెండో తరం ఐ3 ప్రాసెసర్, రెండేసి జీబీల ర్యామ్‌లు రెండు. నేను ల్యాప్‌టాప్‌కు మారి ఏళ్లయింది. కదిరి నుంచి వచ్చి మాతో ఉంటున్న నాన్న మాత్రం దాన్ని వదల్లేదు. పొలం గుత్త లెక్క, చెనక్కాయల లెక్క అంతా అందులోనే, ఎక్సెల్‌లో. ఇంకెక్కడా కాపీ లేదు.

ఒకరోజు పొద్దున్నే పిలిచాడు. “ఏమిరా, ఇది తిరుగుతాంది గానీ బొమ్మ రాలేదు.”

నిజమే. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైటు వెలుగుతోంది, మానిటర్ మాత్రం నల్లగా ఉంది. వీధి చివర రిపేరు షాపుకు మోసుకెళ్లాను. అతను ఒకసారి ఆన్ చేసి చూసి, “మదర్‌బోర్డు పోయింది సార్, ఇది ఇంక దండగ” అన్నాడు. ఎలా తెలిసిందని అడిగితే, “ఫ్యాన్ తిరుగుతోంది, డిస్‌ప్లే లేదు, అంతే కదా” అన్నాడు. కడుపులో మండింది. మళ్లీ ఇంటికే మోసుకొచ్చాను.

హార్డ్ డిస్క్ ఒక్కటి పీకి, యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే ఫైళ్లు వచ్చేసేవి. నాన్న ఒప్పుకోలేదు. ఆయనకు ఆ కంప్యూటరే కావాలి.

ముందు మానిటర్ సంగతి తేల్చాను. వెనక కంప్యూటర్‌కు కలిపే వీజీఏ కేబుల్ పీకేసి స్విచ్ వేస్తే, ‘కేబుల్ చూసుకోండి’ అన్న మెసేజ్ తెర మీద వచ్చింది. అంటే మానిటర్‌కు ప్రాణం ఉంది. తర్వాత కీబోర్డులో నమ్ లాక్ నొక్కి చూశాను. నొక్కినప్పుడల్లా మారాల్సిన లైటు ఆరదు, వెలగదు. అప్పుడు వెలిగింది నాకు. మేమంతా డిస్‌ప్లే రాలేదు, డిస్‌ప్లే రాలేదు అంటున్నాం గానీ, అసలు కంప్యూటరే మొదలవడం లేదు. ఫ్యాన్‌కు కావాల్సింది 12 వోల్టులు. అవి అందితే చాలు, ప్రాసెసర్ పనిచేసినా చేయకపోయినా అది తిరుగుతూనే ఉంటుంది.

పవర్ సప్లై మీద అనుమానం వచ్చి, హార్డ్ డిస్క్ వైపు వచ్చే ఖాళీ కనెక్టర్‌లో మల్టీమీటర్ పెట్టాను. పసుపు (12 వోల్టుల) వైరు 11.8, ఎరుపు (5 వోల్టుల) వైరు 5.05. పన్నెండు వోల్టుల లైనుకు 11.4 నుంచి 12.6 దాకా పరవాలేదు. ప్రాసెసర్ పక్కనుండే నాలుగు పిన్నుల కనెక్టర్ కూడా తీసి గట్టిగా నొక్కాను. బోర్డు మీద కెపాసిటర్లు ఏవీ ఉబ్బలేదు. అందరూ చెప్పేదే కదా అని, బోర్డు మీద సెట్టింగులు, తేదీ నిలిపి ఉంచే బటన్ సెల్ తీసి, కాసేపాగి మళ్లీ పెట్టాను. ఏమీ మారలేదు. (ఆ సెల్ తీయడం తర్వాత నా ప్రాణం మీదకు వచ్చింది.)

బోర్డు తన లోపమేదో శబ్దాలతో చెబుతుందేమోనని చెవి పెట్టి విన్నాను. ఏ శబ్దమూ లేదు. మా క్యాబినెట్‌లో స్పీకరే లేదని అప్పుడు తెలిసింది!

శనివారం మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్‌కు మారి, చిక్కపేటలో దిగి, కంప్యూటర్ సామాన్లు దొరికే ఎస్.పి. రోడ్డుకు నడిచాను. వచ్చీరాని కన్నడంలో స్పీకర్ అడుగుతుంటే, కౌంటర్ దగ్గర కుర్రాడు “తెలుగేనా అన్నా?” అన్నాడు. వాళ్లది కుప్పం. రెండు వైర్లు, గోరంత స్పీకర్, ముప్పై రూపాయలు. ఇస్తూ, “ర్యామ్‌లన్నీ తీసేసి ఆన్ చేయన్నా. అరిస్తే బోర్డు బతికున్నట్టే లెక్క” అన్నాడు. ఈ ఒక్క మాట మా వీధి చివర చెప్పి ఉంటే నాకు మెట్రో చార్జీ మిగిలేది.

ఇంటికి రాగానే అలాగే చేశాను. కీ... కీ... కీ... అని ఒకటే గోల. నాన్న పక్క గదిలోంచి పరిగెత్తుకొచ్చాడు. ఆ అరుపు వింటే నాకెంత ఆనందమో! ర్యామ్ లేదని చెప్పగలిగిందంటే, ప్రాసెసర్ పనిచేస్తోంది, బోర్డూ పనిచేస్తోంది.

ర్యామ్ అంచులను పిల్లల రబ్బరుతో రుద్ది మొదటి స్లాట్‌లో ఒకటి పెట్టాను. అదే గోల. రెండోది పెట్టాను. అదే గోల. టార్చి వేసి చూస్తే స్లాట్ అడుగున ఎండిపోయిన చీమలు. బ్రష్‌తో దులిపాను, ఐపీఏ (ఇట్టే ఆరిపోయే ఒక ఆల్కహాల్) వేసి తుడిచాను, ఆరాక మళ్లీ పెట్టాను. ఊహూఁ. రెండో స్లాట్‌లోకి మార్చాను. ‘కీ’, ఒక్కటే ఒక్కసారి. ఆ వెంటనే తెర వెలిగింది. ర్యామ్‌లు రెండూ మంచివే. పోయింది ఒక స్లాట్ మాత్రమే.

ఆ సంతోషం అర నిమిషం కూడా నిలవలేదు. విండోస్ మొదలవుతూనే నీలం తెర, చివర 7బి అన్న కోడ్. సెల్ తీసినప్పుడు బయోస్ (కంప్యూటర్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్) సెట్టింగులన్నీ మొదటికి పోయాయి. హార్డ్ డిస్క్‌తో బోర్డు మాట్లాడే పద్ధతి ఏహెచ్‌సీఐ నుంచి పాతకాలపు ఐడీఈకి మారిపోయింది. ముందే రాసి పెట్టుకుందామంటే తెర వస్తే కదా! తిరిగి ఏహెచ్‌సీఐ పెడితే విండోస్ తెరుచుకుంది. తేదీ మాత్రం 2011 జనవరి 1 అని చూపించింది. ఆ తేదీతో బ్రౌజర్ ఒక్క సైటూ తెరవలేదు. సెల్ తీసినప్పుడు తేదీ కూడా మొదటికి పోయిందన్నమాట. తేదీ సరిచేసి, సెల్ ఎలాగూ పాతదే కదా అని కొత్త సీఆర్2032 సెల్ వేశాను.

మిగిలింది ఒక్క స్లాటే కాబట్టి, మళ్లీ వెళ్లి పాత నాలుగు జీబీ డీడీఆర్3 ర్యామ్ ఒకటి 450కి తెచ్చాను. ఎక్సెల్ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. స్పీకర్ తీసేద్దామంటే నాన్న వద్దన్నాడు. ఇప్పుడు రోజూ పొద్దున స్విచ్ వేసి, కళ్లద్దాలు వెతుక్కుంటూ ఆ ‘కీ’ కోసం ఆగుతాడు. వినబడగానే వంటింట్లోకి కేక వేస్తాడు. “వచ్చిందమ్మా, కాఫీ తే.”