వెండి మిగ్-21 ఎఫ్ఎల్, దాని కింద కాంక్రీటు

చాలాకాలంగా అల్మారా మీద సగంలో ఆగిపోయిన మిగ్-21 ఎఫ్ఎల్ యుద్ధవిమానం ప్లాస్టిక్ మోడల్ (1/48, అంటే అసలు దానిలో 48వ వంతు) మొత్తానికి చక్రాల మీద నిలబడింది, దాన్ని నిలబెట్టే పలక, అదే బేస్, కూడా దాదాపు అయిపోయింది. అతికించడం, పుట్టీ పెట్టడం, కాక్‌పిట్ సంగతులు ఇదివరకే అయిపోయాయి కాబట్టి వాటి జోలికి పోను. రంగు దగ్గర్నుంచి అద్దాల పెట్టె దాకా ఏం చేశానో, ఏ సామాను ఎక్కడ దొరికిందో మాత్రం రాస్తాను.

ఎఫ్ఎల్ ఎందుకంటే, మన దగ్గర లైసెన్స్ మీద తయారైన మొదటి మిగ్-21 ఇదే. విమానం నాసిక్‌లో, ఇంజన్ కోరాపుట్‌లో, ఏవియానిక్స్, అంటే విమానంలోని ఎలక్ట్రానిక్ పరికరాలు, మన బాలానగర్‌లో. విమానాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ హెచ్ఏఎల్ హైదరాబాద్ శాఖ 1965లో మొదలైందే ఈ మిగ్‌ల ఏవియానిక్స్ కోసం. బాలానగర్ మీదుగా రోజూ బస్సులో పోయేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో మరి. మొదటి మిగ్-21లు 1963లో చండీగఢ్‌లో 28వ స్క్వాడ్రన్‌కి వచ్చాయి, చివరివి 2025 సెప్టెంబర్ 26న అదే చండీగఢ్‌లో సెలవు తీసుకున్నాయి. ఆ వార్త చూశాకే అల్మారా మీది పెట్టె మళ్లీ కిందికి దిగింది. నిజానికి ఎఫ్ఎల్ రకం అంతకు చాలా ముందే, 2013 డిసెంబర్‌లో కలైకుండలో రిటైరైంది.

రంగు విషయంలో ఎక్కువ ఆలోచించలేదు. 1971 యుద్ధం నాటికి చాలా ఎఫ్ఎల్‌లకు హడావుడిగా కామోఫ్లాజ్, అంటే శత్రువు కంటపడకుండా దాచే రంగులు, పూశారు. అంతకుముందు అవి ఒట్టి లోహపు మెరుపుతోనే ఉండేవి. నాకు ఆ మెరుపే కావాలి, కాబట్టి నా విమానం అరవైల చివరి కాలంది. యుద్ధంలో పాల్గొన్న విమానం చేస్తే చూసేవాళ్లకు చెప్పుకోవడానికి బోలెడంత ఉంటుంది, నిజమే. కానీ వెండి మిగ్ పక్కన కామోఫ్లాజ్ మిగ్ పెట్టి చూడండి, ఆ త్రికోణపు డెల్టా రెక్క ఆకారం వెండి రంగులోనే సరిగ్గా కనబడుతుంది.

లోహపు రంగు వేసేటప్పుడు కష్టమంతా రంగు వేయకముందే ఉంటుంది. మామూలు గ్రే పెయింట్ కింద దాక్కునే గీతలు వెండి కింద రెట్టింపై బయటికొస్తాయి. ఆటో పెయింటింగ్ సామాన్లు అమ్మే షాపుల్లో వాటర్ పేపర్ దొరుకుతుంది. 800తో మొదలుపెట్టి 1200, 2000 దాకా నీళ్లతో రుద్దాను. ఆ పైన పాలిషింగ్ ప్యాడ్‌తో తుడిచి, టార్చిలైట్ పక్కనుంచి అడ్డంగా కొట్టి చూశాను. పైనుంచి చూస్తే ఏమీ కనబడదు, పక్కనుంచి చూస్తేనే జాయింట్ల దగ్గర పుట్టీ ఎక్కడ దిగిపోయిందో తెలుస్తుంది. దాని మీద మెరిసే నల్ల లాక్కర్ పల్చగా రెండు మూడు కోట్లు. ఈ నలుపు బాగా ఆరాలి. ఒకరోజు కాదు, రెండు రోజులు కదపకుండా మూసి పెట్టేయడం మంచిది. వేలి గుర్తు పడిందా, మళ్లీ వాటర్ పేపరే. హైదరాబాద్‌లో ఈ పనికి వానాకాలం అస్సలు పనికిరాదు, గాల్లో తేమకి లాక్కర్ తెల్లగా పాలిపోతుంది. దసరా దాటాక పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

మెటల్ రంగుకి ఆల్‌క్లాడ్ అనే బ్రాండు లాక్కర్ వాడాను. దీనికి థిన్నర్ కలపనక్కర్లేదు, సీసా బాగా ఊపి నేరుగా ఎయిర్‌బ్రష్‌లో పోయడమే. ప్రెషర్ 12 నుంచి 15 పీఎస్ఐ మధ్య, చేయి దగ్గరగా, కోటు చాలా పల్చగా. నలుపు కనబడకుండా పోయేదాకా కొడితే మెరుపు పోయి అల్యూమినియం గిన్నెకి రంగేసినట్టు ఉంటుంది, కాబట్టి కాస్త ముందే ఆగాలి. ఒళ్లంతా మామూలు అల్యూమినియం షేడ్. తర్వాత తక్కువ జిగురున్న మాస్కింగ్ టేప్‌తో కొన్ని ప్యానెళ్లు వేరుచేసి, కొన్నిటికి ముదురు షేడు, కొన్నిటికి తెల్లటి అల్యూమినియం. టేప్‌ని ముందు అరచేతికి రెండు మూడుసార్లు అంటించి తీస్తే జిగురు ఇంకా తగ్గుతుంది, కింద రంగు లేచిరాదు. ఎన్ని ప్యానెళ్లు మార్చాలి అంటే, నా లెక్కలో చాలా తక్కువ. నెట్‌లో కనిపించే కొన్ని మోడళ్లలో ప్రతి ప్యానెల్‌కీ ఒక షేడు ఉంటుంది, అది విమానంలా కాక గచ్చు మీద గళ్లలా ఉంటుంది. నేను రెక్క మొదట్లో, స్పైన్ (వీపు మీది ఉబ్బు) మీద, ఇంజన్ చుట్టూ మాత్రమే తేడా చూపించాను. తోక చివర ఇంజన్ మంట బయటికొచ్చే నాజిల్ దగ్గర స్టీల్ షేడు వేసి, దాని మీద కనబడీ కనబడనట్టు గోధుమ, నీలం పారదర్శక రంగుల పొర కొట్టాను. ఆర్-11 ఇంజన్ ఆఫ్టర్‌బర్నర్ వేడి తగిలే చోటు కదా, అక్కడ లోహం కొత్తగా మెరుస్తూ ఉండకూడదు.

ముక్కులో కోన్, తోక పైకొన ముదురు ఆకుపచ్చ. ఇది అలంకారం కాదు. లోపల రాడార్, యాంటెనాలు ఉంటాయి, లోహం గుండా రేడియో తరంగాలు పోవు కాబట్టి ఆ భాగాలు లోహంతో చేయరు, అందుకే వాటికి పెయింట్ ఉంటుంది. చక్రాల హబ్‌లకి పచ్చి ఆకుపచ్చ వేశాను, రష్యన్ విమానాల అలవాటు అది. వెండి ఒంటి మీద ఈ రెండు పచ్చలే కంటికి ఆనతాయి కాబట్టి రెండూ ఒకే షేడు కాకుండా చూసుకున్నాను.

డీకాల్స్, అంటే నీళ్లలో నానబెట్టి అంటించే గుర్తుల స్టిక్కర్లు, మెరిసే వెండి మీదే నేరుగా వేశాను. కింద సెట్టింగ్ ద్రవం, పైన మెత్తబరిచే ద్రవం, పత్తి పుల్లతో మధ్యలోంచి అంచులకి ఒత్తడం. ఒక్కటి గమనించండి. మన వైమానిక దళం గుండ్రటి గుర్తు, రౌండెల్‌లో బయటి వలయం కాషాయం, నడుమ తెలుపు, లోపల పచ్చ. డీకాల్ షీటులో రంగుల కింద తెల్ల అచ్చు సరిగా లేకపోతే కాషాయం వెండి మీద ఇటుక రంగులోకి దిగిపోతుంది. షీటు కొనేముందు దాన్ని వెలుతురుకు పట్టి చూస్తే తెలిసిపోతుంది. సీరియల్ నంబర్ ఇంగ్లీషు 'C' అక్షరంతో మొదలయ్యేది ఎంచుకున్నాను. పైన మ్యాట్ వార్నిష్ వేయలేదు, వేస్తే ఇన్నాళ్ల మెరుపు ఒక్క పూటలో పోతుంది. డీకాల్ అంచుల మీద మాత్రం పల్చగా మెరిసే వార్నిష్.

ప్యానెల్ గీతల్లోకి పారే పల్చటి రంగు, అదే వాష్, కోసం స్టేషనరీ షాపులో దొరికే ఆయిల్ కలర్ చాలు. బర్న్ట్ అంబర్‌లో (ముదురు గోధుమ) కొంచెం నలుపు కలిపి, వాసన లేని మినరల్ టర్పెంటైన్‌తో నీళ్లలా పల్చన చేసి, సన్న కుంచెతో గీత మీద తాకిస్తే అదే పరుగెత్తుతుంది. ఒట్టి నలుపు వద్దు, వెండి మీద పెన్నుతో గీసినట్టుంటుంది.

ఇక పిటాట్ గొట్టం, అంటే విమానం వేగం కొలవడానికి గాలి పట్టే సన్నటి గొట్టం. ఎఫ్ఎల్‌లో ఇది ముక్కు పైన మధ్యలో ముందుకి పొడుచుకొని ఉంటుంది. తర్వాతి రకాల్లో కొంచెం కుడిపక్కకి జరిగింది, కింద పెట్టింది తొలినాటి ఎఫ్-13లో. కిట్‌లో ఇచ్చే ప్లాస్టిక్ ముక్క దేనికి తగిలినా విరిగేదే. మెడికల్ షాపులో 18 గేజ్, 22 గేజ్ సిరంజి సూదులు కొనండి, పది ఇరవై రూపాయల్లో అయిపోతుంది. సన్నది లావుదాని లోపలికి చక్కగా దూరుతుంది, అసలు గొట్టంలాగే మెట్టు వస్తుంది. కట్టింగ్ డిస్క్‌తో కోసేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి, ఆ ముక్క ఎటు ఎగురుతుందో చెప్పలేం.

ఇప్పుడు బేస్. అసలు నేను ఈ పోస్టు రాస్తున్నదే దీనికోసం. చాలామంది విమానం అయ్యాక ఒక పలక మీద పెట్టేస్తారు. కామోఫ్లాజ్ విమానానికైతే పరవాలేదు. వెండి విమానానికి మాత్రం బేస్ రంగు కూడా ఒక కోటే అనుకోండి, ఎందుకంటే రెక్కల కింద, పొట్ట కింద కనబడేది అల్యూమినియం కాదు, నేల రంగే. నల్ల వెల్వెట్ గుడ్డ మీద పెట్టి చూశాను, పొట్ట అంతా మసిబారినట్టుంది. తెల్ల కాగితం మీద పెడితే వెలుగొచ్చింది గానీ బొమ్మలా తేలిపోయింది. రకరకాల గ్రే ముక్కల మీద పెట్టి చూస్తే కొంచెం పసుపు కలిసిన లేత గ్రే దగ్గర నిలిచింది. ఎండలో పాతబడిన కాంక్రీటు రంగూ అదే, పని సులువైంది.

అసలు విమానం రెక్కల వెడల్పు 7.15 మీటర్లు, 1/48లో సుమారు 149 మి.మీ. పిటాట్ గొట్టంతో కలిపి పొడవు దాదాపు 33 సెం.మీ. పలక 40 x 28 సెం.మీ, 12 మి.మీ ఎండీఎఫ్, ప్లైవుడ్ షాపులోనే కోయించాను. విమానాన్ని అంచుకి సమాంతరంగా పెట్టకుండా కొంచెం ఏటవాలుగా పెట్టాను. కాంక్రీటు శ్లాబులు అసలులో నాలుగున్నర మీటర్లు అనుకుంటే మన లెక్కలో 94 మి.మీ చదరాలు. వాటి గీతలు విమానానికి ఏటవాలుగా వచ్చేసరికి ముక్కు ఎటు తిరిగిందో దానంతటదే తెలుస్తోంది.

శ్లాబులకి 3 మి.మీ సన్‌బోర్డు, అంటే గట్టి పీవీసీ ఫోమ్ అట్ట. ఫ్లెక్సీ బోర్డులు చేసే షాపుల్లో తుంపులు ఊరికే ఇచ్చేస్తారు. థర్మకోల్ వాడకండి, స్ప్రే పడిందా కరిగి గుంటలు పడుతుంది. సన్‌బోర్డు పైన నున్నటి మెరుపుని గరుకు కాగితంతో చంపేసి, స్టీలు స్కేలు పెట్టి మొద్దు సూదితో జాయింట్లు గీసి, పాత టూత్‌బ్రష్‌తో అక్కడక్కడా పొడిచాను. మూలల్లో ఒకటి రెండు పగుళ్లు చాలు, అది పనిలో ఉన్న ఎయిర్‌బేస్ గానీ పాడుబడ్డ రన్‌వే కాదు. రంగు స్పాంజితో అద్దాను, కుంచె వాడితే చారలు పడతాయి. రెండు శ్లాబులు కొంచెం తెలుపు, ఒకటి కొంచెం ముదురు, అంటే తర్వాత మార్చి పోసినట్టు. జాయింట్లలో తారు కోసం నల్ల యాక్రిలిక్‌ని చిక్కగా టూత్‌పిక్‌తో నింపాను, కొన్నిచోట్ల కావాలనే పైకి పొంగనిచ్చాను. ఇంజన్ కింద నూనె మరకలకి అదే బర్న్ట్ అంబర్ వాష్, ఒకదాని మీద ఒకటి వేర్వేరు రోజుల్లో వేస్తే పాత మరక, కొత్త మరక తేడా వస్తుంది.

ఒక మూలకి మాత్రం మట్టి, గడ్డి. ఇంటి వెనకాల ఎర్రమట్టి చేతికి అందుతుంది గానీ, నేను అనుకున్నది పంజాబ్ మైదానాల్లోని ఎయిర్‌బేస్. అక్కడ ఎర్రమట్టి ఎక్కడిది, ఒండ్రుమట్టి కదా. లేత గోధుమ రంగు ఒండ్రు తెచ్చి ఎండబెట్టి, పల్చటి చీర ముక్కలో జల్లించి, నీళ్లు కలిపిన ఫెవికాల్ మీద చల్లాను. గడ్డి నిలువుగా నిలబెట్టడానికి దోమల బ్యాట్ విప్పి తయారుచేసిన పరికరం వాడాను. ఒక తీగ స్టీలు టీ జల్లెడకి, రెండోది తడి ఫెవికాల్‌లో గుచ్చిన మేకుకి. జల్లెడలో 2 మి.మీ గడ్డి పోగులు వేసి బటన్ నొక్కి ఊపితే పోగులన్నీ నిక్కబొడుచుకొని దిగుతాయి. స్విచ్ వదిలాక కూడా కెపాసిటర్‌లో కరెంటు ఉంటుంది, రెండు తీగలు ఒకదానికొకటి తాకించి చిటుక్కుమనిపించాకే చేయి పెట్టండి. ఇంట్లో పిల్లలుంటే ఈ పని వాళ్లు పడుకున్నాక చేయడం మేలు.

చిన్న సామాను పెద్దగా పెట్టలేదు. చక్రాలు కదలకుండా అడ్డుపెట్టే పసుపు చాక్స్, ముక్కు దగ్గర గాలి లోపలికి పోయే ఇన్‌టేక్‌కి ఎర్ర కవర్, ఒక నిచ్చెన. కవర్ టిష్యూ పేపర్‌ని ఫెవికాల్ నీళ్లలో ముంచి చేశాను. గుడ్డలా ముడతలు వచ్చాయి, ప్లాస్టిక్‌తో అవి రావు. ఎఫ్ఎల్ కానపీ (పైలట్ పైన ఉండే అద్దపు మూత) తర్వాతి మిగ్‌లలా పక్కకి తెరుచుకోదు, ముందువైపు కీలు మీద మొత్తం అద్దం పైకి లేస్తుంది. నిచ్చెన ఎడమ పక్కన పెట్టాను. అద్దాన్ని ఫెవికాల్‌తోనే నిలబెట్టాను. సూపర్‌గ్లూ ఆవిరికి అద్దం పొగచూరుతుంది.

విమానాన్ని బేస్‌కి అంటించలేదు. టైర్ల అడుగున కొంచెం అరగదీసి చదును చేశాను, బరువు మీద ఉన్నట్టు కనబడటానికి. వెనక రెండు టైర్లలో 0.8 మి.మీ రంధ్రాలు చేసి ఇత్తడి తీగ ముక్కలు పెట్టాను, అవి శ్లాబులోని రంధ్రాల్లోకి దిగుతాయి. ఎత్తితే వచ్చేస్తుంది, తిరగేసినా పడదు. ఈ రంధ్రాలు ల్యాండింగ్ గేర్ అతికించకముందే వేసుకోవాలి. తర్వాతైతే డ్రిల్ నొక్కుడికి కాళ్లు ఒంగిపోతాయి. బేస్ ఎలా ఉండాలో మొదటే తేల్చుకోమని చెప్పేది ఇందుకు కూడా.

చుట్టూ టేకు బీడింగ్, మూలలు 45 డిగ్రీలకి వడ్రంగి కోసిచ్చాడు. షీల్డులు, మెమెంటోలు చేసే షాపులో ఇత్తడి ప్లేటు మీద పేరు చెక్కించాను, "మిగ్-21 ఎఫ్ఎల్" అని తెలుగులోనే. కంప్యూటర్‌లో ఫాంటు లేదన్నారు, నేనే బొమ్మగా తీసుకెళ్లి ఇచ్చాను.

మిగిలింది యాక్రిలిక్ పెట్టె. 3 మి.మీ షీటు, లోపలి ఎత్తు 12 సెం.మీ. తోక 8.5 సెం.మీ దగ్గరే ఆగుతుంది గానీ పైన కాస్త గాలి ఉంటేనే బాగుంటుంది. వాటిని క్లోరోఫాంతో అతికిస్తారు, ఆ ఆవిరి పూర్తిగా పోయేదాకా లోపల విమానం పెట్టకూడదు, ప్లాస్టిక్‌కీ పెయింట్‌కీ రెండింటికీ చెడ్డది. కొలతలు ఇచ్చి వచ్చాను, వచ్చే వారం రమ్మన్నారు. ఈలోపు కె-13 క్షిపణుల మీద నల్ల గీతలు రెండు గీయాలి, నిచ్చెనకి ఇంకో కోటు పసుపు వేయాలి.