కొవ్వొత్తి ఏ అరలో ఉండాలి?

తొమ్మిదో తరగతి మొదటి వారంలో మన సైన్సు మాస్టారు ప్రయోగశాల కిటికీలన్నీ మూయించి, బల్ల మీద ఒక కొవ్వొత్తి వెలిగించి అడిగిన ప్రశ్న మీలో ఎంతమందికి గుర్తుందో. "ఇది ఏ శాస్త్రానికి చెందింది?" అన్నారు. అప్పటికి మన సంచుల్లో రెండు సైన్సు నోటుపుస్తకాలు ఉండేవి. ఒకదాని అట్ట మీద భౌతిక, రసాయన శాస్త్రాలు అని, రెండోదాని మీద జీవశాస్త్రం అని రాసుకున్నాం. మండుతోంది కాబట్టి రసాయనశాస్త్రమని ముందు బెంచీ వాళ్లు, వెలుగిస్తోంది కాబట్టి భౌతికశాస్త్రమని వెనక బెంచీ వాళ్లు వాదులాడుకున్నాం. మాస్టారు ఎవరినీ కాదనలేదు. "దీన్ని మీరు ఏం అడగాలనుకుంటున్నారో చెప్పండి. అప్పుడు అది ఏ శాస్త్రమో నేను చెబుతాను" అన్నారు.

ఆ మాట విలువ నాకు గ్రంథాలయంలో ఉద్యోగంలో చేరాక తెలిసింది. పుస్తకాలకు వర్గీకరణ సంఖ్యలు వేయడం నా పని. మెల్విల్ డ్యూయీ 1876లో ప్రచురించిన దశాంశ పద్ధతిలో విజ్ఞానశాస్త్రాలకు 500 నుంచి 599 వరకు చోటుంది. గణితానికి 510, ఖగోళశాస్త్రానికి 520, భౌతికశాస్త్రానికి 530, రసాయనశాస్త్రానికి 540. భూమిని గురించినవి 550లోకి, శిలాజాలు 560లోకి వెళ్తాయి. ప్రాణులన్నీ 570 నుంచి మొదలవుతాయి. ఏళ్ల తరబడి ఆ అరల మధ్యే తిరుగుతున్నాను. మన బడి పాత విద్యార్థుల సంచికకు వ్యాసం రాయమని మిత్రులు అడిగినప్పుడు నాకు వెంటనే ఆ కొవ్వొత్తే కళ్ల ముందు మెదిలింది.

మొదటి రోజు ప్రయోగం మీకు గుర్తుచేస్తాను. మాస్టారు కొవ్వొత్తిని మెల్లగా ఊది ఆర్పారు. వత్తి నుంచి తెల్లటి పొగ సన్నని దారంలా పైకి లేచింది. వత్తిని తాకకుండా, రెండంగుళాల పైన ఆ పొగకు అగ్గిపుల్ల అంటించారు. మంట పొగ వెంబడే కిందికి జారి వత్తిని మళ్లీ వెలిగించింది. గదిలో అందరం ఒక్కసారిగా లేచి నిలబడ్డాం. "ఇప్పుడు చెప్పండి, మండుతున్నది వత్తా, మైనమా?" అన్నారు. వేడికి మైనం కరుగుతుంది, కరిగింది వత్తిలో పైకి పాకుతుంది, అక్కడ ఆవిరి అవుతుంది, ఆ ఆవిరే మండుతుంది. మనం చూసిన తెల్లటి పొగ, ఆ ఆవిరి చల్లబడి ఏర్పడిన మైనపు రేణువులు. ఆ తరువాత చల్లని గాజు గ్లాసును మంట మీద బోర్లించారు. లోపల సన్నని చెమ్మ పట్టింది. మంటలో నీళ్లు పుడుతున్నాయంటే అప్పటిదాకా మనలో ఎవరం నమ్మేవాళ్లం కాదు. అదే గాలిని సున్నపుతేటలో కలిపితే పాలలా తెల్లబడింది. అది కార్బన్ డై ఆక్సైడు.

ఒక పదార్థం ఎలా మరో పదార్థంగా మారుతుంది, దేనిలో ఏముంది, ఏది దేనితో ఎందుకు కలుస్తుంది అని అడిగితే అది రసాయనశాస్త్రం. నూరేళ్ల పాఠ్యపుస్తకాల నిర్వచనాలన్నిటికంటే ఆ గ్లాసులో చెమ్మే నాకు దాన్ని బాగా చెప్పింది. మైకేల్ ఫారడే లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో 1860 చివర్లో పిల్లల కోసం ఇచ్చిన ఉపన్యాసాలు కూడా కొవ్వొత్తి మీదేనని ఉద్యోగంలో చేరాక తెలుసుకున్నాను. మాస్టారికి ఆ సంగతి తెలిసే ఉంటుంది. 1825లో బెంజీన్‌ను కనుగొన్నదీ, 1831లో విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొన్నదీ ఆ ఫారడేయే. మొదటిది 540 అరకు, రెండోది 530 అరకు చెందుతుంది. మనిషి మాత్రం ఒక్కరే.

మర్నాడు అదే కొవ్వొత్తి, ప్రశ్నలు వేరు. మంట ఎప్పుడూ పైకే ఎందుకు నిలబడుతుంది? కరిగిన మైనం బరువుకు వ్యతిరేకంగా వత్తిలో పైకి ఎలా పాకుతుంది? పసుపు రంగు ఎక్కడిది? వేడెక్కిన గాలి తేలికై పైకి పోవడం, సన్నని సందుల్లో ద్రవం దానంతట అది ఎగబాకడం, మంటలోని మసి రేణువులు వేడికి ప్రకాశించడం ఇవన్నీ భౌతికశాస్త్రం అడిగే సంగతులు. పదార్థం, శక్తి, బలం, చలనం దాని సరుకు. ఆ సరుకు పరమాణువు లోపలా అదే, నక్షత్ర మండలాల్లోనూ అదే. భార రహిత స్థితిలో మంట పైకి లేవదు, గుండ్రంగా నీలి బంతిలా ఉంటుందని ఆనాడు మాస్టారు బల్ల మీద సుద్దముక్కతో బొమ్మ గీసి చూపించారు. అంతరిక్ష నౌకల్లో తీసిన అలాంటి మంట ఫోటో మొదటిసారి చూసినప్పుడు నాకు ఆ సుద్ద బొమ్మే కనిపించింది.

వేడెక్కిన వస్తువు ఏ రంగులో వెలుగుతుంది అన్న ప్రశ్న చూడడానికి చిన్నది. 1900లో మాక్స్ ప్లాంక్ దానికి లెక్క సరిచేయబోయి, శక్తి చిన్న చిన్న మోతాదుల్లోనే వెలువడుతుందని ఒప్పుకోవలసి వచ్చింది. క్వాంటం సిద్ధాంతం అక్కడే మొదలైంది. మసి రేణువు పసుపు వెలుగు వెనక అంత కథ ఉంది.

మూడో రోజు మనలో ఒకరిని పిలిచి, గొట్టంతో సున్నపుతేటలోకి ఊదమన్నారు. అదీ పాలలా తెల్లబడింది. మంట వదిలినదీ, మన ఊపిరి వదిలినదీ ఒకటే. మాస్టారు రెండు గ్లాసులనూ పక్కపక్కన పెట్టి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లావోయిజే కథ చెప్పారు. 1780ల తొలి ఏళ్లలో ఆయన, లాప్లాస్ కలిసి ఒక గినీ పందిని మంచు నింపిన పాత్ర లోపలి గదిలో ఉంచారు. దాని ఒంటి వేడికి ఎంత మంచు కరిగిందో తూచారు, అది ఎంత కార్బన్ డై ఆక్సైడు వదిలిందో కొలిచారు. బొగ్గు మండి అంతే వాయువు వదిలినప్పుడు పుట్టే వేడితో పోల్చారు. రెండూ దాదాపు సరిపోయాయి. ఊపిరి కూడా నెమ్మదిగా సాగే దహనమేనని అలా తేలింది. ఆ రోజు మన రెండో నోటుపుస్తకం తెరవాలా, మొదటిదా అని ఎవరో అడిగారు. "రెండూ మూసి చూడండి" అన్నారు మాస్టారు.

జీవశాస్త్రం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలనిపిస్తోంది. బతికి ఉండడం అంటే ఏమిటన్నది దాని మూల ప్రశ్న. ప్రాణం ఎలా నిలుస్తుంది, ఎలా పెరుగుతుంది, తనలాంటి మరొకదాన్ని ఎలా కంటుంది, తరతరాలకూ ఎలా మారుతుంది అన్నవి దాని నుంచి పుట్టిన ప్రశ్నలు. 1665లో రాబర్ట్ హుక్ బెరడు ముక్కలో చూసిన గదులకు కణాలని పేరు పెట్టాడు. మొక్కలూ జంతువులూ అన్నీ కణాలతోనే నిర్మితమని 1838, 1839లలో ష్లైడెన్, ష్వాన్ తేల్చారు. మెండెల్ బఠానీ మొక్కల మీద చేసిన పని 1866లో అచ్చయినా 1900 వరకు దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. ఆ తరువాత అదే జన్యుశాస్త్రమైంది. ఇక మొక్కలకు 580, జంతువులకు 590 అని రెండు అరలు కట్టిన చోట పుట్టగొడుగు ఎక్కడ కూర్చుంటుంది? డ్యూయీ పాత ముద్రణల్లో శిలీంధ్రాలు మొక్కల అరలోనే ఉండేవి. అవి మొక్కలు కావనీ, వంశవృక్షంలో మొక్కలకంటే జంతువులకే దగ్గరనీ తేలాక సూక్ష్మజీవులతో పాటు 579కి చేరాయి. ఆ మార్పు వచ్చాక మా గ్రంథాలయంలో పుస్తకాల వీపుల మీద పాత చీటీలు ఊడదీసి కొత్తవి అంటించింది నేనే. చీటీలు మార్చడం విసుగు పని అని చాలామంది అనుకుంటారు. నాకు మాత్రం ఆ రెండు రోజులూ పండగలా గడిచాయి. లోకం గురించి మనిషికి తెలిసింది ఒక్క మెట్టు మారితే, దాన్ని జిగురుతో అంటించే అవకాశం ఎంతమందికి దొరుకుతుంది?

శాస్త్రాల మధ్య గోడ ఉందని అనుకున్న చోటల్లా ఎవరో ఒకరు తలుపు తీశారు. ప్రాణుల ఒంట్లోని పదార్థాలు ప్రాణశక్తి లేకుండా తయారు కావని గట్టిగా నమ్ముతున్న రోజుల్లో, 1828లో వోలర్ ప్రయోగశాలలో యూరియా తయారుచేశాడు. సూక్ష్మజీవుల గురించి మనకు నేర్పిన పాశ్చర్ చదువుకున్నది రసాయనశాస్త్రం. ఖండాలు కదులుతున్నాయని 1912లో చెప్పిన వెగెనర్ వాతావరణ శాస్త్రవేత్త. భూగర్భ శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది 1960ల దాకా ఆయన మాట ఒప్పుకోలేదు. రూథర్‌ఫర్డ్ తనను భౌతికశాస్త్రవేత్తగానే భావించుకున్నా, 1908లో ఆయనకు వచ్చిన నోబెల్ బహుమతి రసాయనశాస్త్రంలో.

కొవ్వొత్తి మైనం ఎక్కడిదని నాలుగో రోజు అడిగారు. పారఫిన్ మైనం పెట్రోలియం నుంచి వస్తుంది. కోట్ల ఏళ్ల కిందట సముద్రాల్లో బతికిన సూక్ష్మజీవులు అడుగున బురదలో కూరుకుపోయి, ఒత్తిడికీ వేడికీ నూనెగా మారాయి. అలా భూవిజ్ఞానం గదిలోకి వచ్చింది. రాళ్లు, ఖనిజాలు, అగ్నిపర్వతాలు, భూకంపాలు, నదులు, సముద్రాలు, గాలి పొరలు అన్నీ దానివే. అది అన్నిటికంటే ముఖ్యంగా అడిగేది ఎంత కాలం పట్టింది అని.

ఆ కాలం దగ్గరే పెద్ద తగాదా వచ్చింది. నాకు ఈ కథంటే ప్రాణం, కాబట్టి తీరుబడిగా చెబుతాను. పందొమ్మిదో శతాబ్దంలో రాతి పొరలు చూసిన భూగర్భ శాస్త్రవేత్తలకూ, ప్రాణులు మారిన తీరు చూసిన డార్విన్‌కూ చాలా చాలా కాలం కావలసి వచ్చింది. భౌతికశాస్త్రవేత్త లార్డ్ కెల్విన్ కుదరదన్నాడు. వేడి గోళంగా పుట్టిన భూమి ఇప్పటి స్థితికి చల్లబడడానికి 2 కోట్ల నుంచి 4 కోట్ల ఏళ్లు చాలని 1897లో లెక్క తేల్చాడు. సూర్యుడి సంగతీ అంతే. బొగ్గులా మండుతుంటే కొన్ని వేల ఏళ్లలో అయిపోవాలి. తన బరువుకు తానే కుంచించుకుపోతూ వేడి పుట్టిస్తున్నా కొన్ని కోట్ల ఏళ్లకు మించి వెలగలేడు. కెల్విన్ గణితంలో తప్పు లేదు. ఆ లెక్కకు ఆధారంగా తీసుకున్న ఊహలే సరైనవి కావు, అంతే. 1896లో బెకరెల్ రేడియోధార్మికతను కనుగొన్నాడు. రేడియోధార్మిక పరమాణువులు ఒక లెక్క ప్రకారం వేరేవిగా మారిపోతాయి కాబట్టి రాళ్లలోనే గడియారం ఉందని ఆ తరువాత తెలిసింది. 1956లో క్లెయిర్ ప్యాటర్సన్ సీసపు ఐసోటోపులను, అంటే వేరు వేరు బరువుల సీసపు పరమాణువులను కొలిచి భూమి వయసు సుమారు 455 కోట్ల ఏళ్లని తేల్చాడు. సూర్యుడు దేనితో తయారయ్యాడో ఖగోళశాస్త్రం వెలుగును విడదీసి చదివింది. 1868లో సూర్యకాంతిలో కనిపించిన ఒక పసుపు గీత వల్ల హీలియం తెలిసింది. అది భూమి మీద దొరికింది 1895లో. నక్షత్రాల్లో అత్యధిక భాగం హైడ్రోజనేనని 1925లో సిసీలియా పేన్ తన పరిశోధన గ్రంథంలో చూపితే మొదట నమ్మలేదు. ఆ హైడ్రోజన్ హీలియంగా మారుతూ శక్తి ఎలా ఇస్తుందో 1939లో హాన్స్ బేతే వివరించాడు. రాళ్లు చదివినవాళ్ల మాటే నిలిచింది. దాన్ని నిలబెట్టింది మాత్రం భౌతికశాస్త్రంలో పుట్టిన కొత్త శాఖ.

కొవ్వొత్తి మంటలో మనం చూసింది ఎప్పటిదో సూర్యకాంతి అని మాస్టారు అన్నప్పుడు, ఆ సూర్యుడు మాత్రం కొవ్వొత్తిలా మండడం లేదని కూడా ఆ పూటే చెప్పారు.

గణితం 510, వరుసలో అన్నిటికంటే ముందు. అది కొవ్వొత్తిని అడిగేది ఏమీ లేదు. సంఖ్య, ఆకారం, అమరిక, వాటి మధ్య సంబంధం దాని విషయాలు. రుజువుకు అది ప్రయోగశాలకు వెళ్లదు. ప్రధాన సంఖ్యలకు అంతం లేదని యూక్లిడ్ ఇచ్చిన రుజువు రెండు వేల ఏళ్లు దాటినా అలాగే ఉంది. కెల్విన్ సంఖ్య అరవై ఏళ్లు నిలవలేదు. అందుకే గణితం మిగతావాటిలాంటి శాస్త్రమా అన్న చర్చ ఉంది. కానీ అది లేకుండా మిగతా అరల్లో చాలా పుస్తకాలు తెరవలేం. అర్థశాస్త్రం, సమాజశాస్త్రం వంటివి 300లోనూ, వైద్యం, ఇంజనీరింగ్, వ్యవసాయం వంటివి 600లోనూ ఉంటాయి. మనస్తత్వశాస్త్రం 150లో తత్వశాస్త్రం పక్కన ఉంటుంది. ఆ చోటు నాకు నచ్చదు. మనసును ప్రయోగాలతో, కొలతలతో పరిశీలించే శాస్త్రానికి 570 పొరుగే తగినదని నా అభిప్రాయం. మనుషులను అధ్యయనం చేసే శాస్త్రాలన్నిటికీ ఒక ప్రత్యేక కష్టం ఉంది. తనను గమనిస్తున్నారని తెలిస్తే మనిషి తీరు మారుతుంది, రాయికి ఆ బాధ లేదు.

మొన్న ఏడో తరగతి అమ్మాయి ఒకతె నా బల్ల దగ్గరకు వచ్చి, "మేడమ్, మిణుగురు పురుగు ఎలా వెలుగుతుందో ఏ పుస్తకంలో ఉంటుంది?" అని అడిగింది. 595లో కీటకాల పుస్తకం తీసి ఇచ్చాను. అవి ఎందుకు వెలుగుతాయో, ఒకదాన్ని ఒకటి ఎలా పిలుచుకుంటాయో అందులో ఉంది. పావుగంటకు మళ్లీ వచ్చింది. వెలుగు దేనితో తయారవుతుందో అందులో లేదంది. 572లో జీవరసాయనశాస్త్రం పుస్తకం చూపించాను. లూసిఫెరిన్ అనే పదార్థం, లూసిఫరేజ్ అనే ఎంజైము, ఆక్సిజన్ కలిసి చేసే పని చదివింది. "అయితే ఇదీ ఆక్సిజన్‌తో కలవడమే కదా మేడమ్, కొవ్వొత్తిలాగా. మరి పురుగు కాలిపోదేం?" అంది.

నేను లేచి నిచ్చెన జరుపుకుని 535 అర దగ్గరకు వెళ్లాను. కాంతి పుస్తకాలు అక్కడ పైవరుసలో ఉంటాయి.