డీజిల్ రిజిస్టరు

మన అనంతపురం కాలేజీ సంచికకి ఏదైనా రాసి పంపమని అడిగినప్పుడు హాస్టల్ గురించి, సప్తగిరి సర్కిల్ గురించి, పొద్దున్నే తిన్న ఉగ్గాని బజ్జీల గురించి మన వాళ్ళు చాలామంది రాస్తారనుకున్నాను. నేను ల్యాబ్ గురించి రాస్తాను. వెనక బ్లాకులో, వేపచెట్టు నీడ కిటికీల మీద పడే ఆ పొడుగాటి కంప్యూటర్ ల్యాబ్. 1996లో చేరి 2000లో బయటికొచ్చాను. ఇన్నేళ్ళుగా నేను చేస్తున్న పరిశోధనకు విత్తనం ఆ గదిలోనే పడింది.

పని ఏమిటో ముందే చెప్తాను. వేల కంప్యూటర్లు కలిసి ఒకే లెక్క చేస్తుంటాయి. మధ్యలో వాటిలో ఒకటి చచ్చిపోతే లెక్కంతా మళ్ళీ మొదటికి రాకుండా కాపాడాలి. దానికి దారులు వెతకడమే నా పని.

ఫైనల్ ఇయర్‌లో ఎక్కువమంది విజువల్ బేసిక్‌లో లైబ్రరీ మేనేజ్‌మెంటో, పేరోల్ సిస్టమో చేసేవాళ్ళు. మా నలుగురినీ సార్ పిలిచి, "1994లో నాసా గొడ్డార్డ్ సెంటర్లో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ అనే ఇద్దరు 16 మామూలు 486 యంత్రాలను ఈథర్నెట్ తీగతో కట్టి బేవుల్ఫ్ అని పేరు పెట్టినారు. మన దగ్గర ఎనిమిది పెంటియం కంప్యూటర్లుండాయి. మనమెందుకు చేయకూడదు?" అన్నారు. అంతకు ముందే ఆయన క్లాసులో మన దేశపు సూపర్‌కంప్యూటర్ పరమ్ 8000 గురించి చెప్పి ఉన్నారు. 1988లో పుట్టిన ప్రభుత్వ సంస్థ సీడాక్ 1991 కల్లా ట్రాన్స్‌ప్యూటర్లనే చిప్పులను కలిపి దాన్ని నిలబెట్టిన సంగతి చెప్తున్నప్పుడు ఆయన గొంతు మారేది. ఆ గొంతు విన్నవాళ్ళం కాబట్టి వెంటనే సరే అన్నాం.

ఎనిమిది పెంటియం 133లు, ఒక్కోదానికి 32 ఎంబీ మెమరీ, వాటి తీగలన్నీ కలిసే 10 మెగాబిట్ హబ్ ఒకటి. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ సీడీ పీసీక్వెస్ట్ పత్రికతో పాటు వచ్చింది. యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి కావలసిన సాఫ్ట్‌వేరు ఎంపీఐసీహెచ్‌ను మాలో ఒకడు బెంగళూరులో వాళ్ళ అన్న దగ్గర ఫ్లాపీల్లో ఎక్కించుకొని ఆర్టీసీ బస్సులో తెచ్చాడు. ఒక ఫ్లాపీ చెడింది. మళ్ళీ వెళ్ళాడు.

సార్ ఇచ్చిన లెక్క ఇది. ఒక ఇనుప పలకకు ఒక అంచున వేడి పెడితే, చివరికి ఏ చోట ఎంత వేడి నిలుస్తుంది? పలకను నిలువుగా 2000, అడ్డంగా 2000 గళ్ళు చేస్తాం. ప్రతి గడీ తన నాలుగు పక్కల గళ్ళ సగటు తీసుకుంటుంది. అంకెలు కదలడం మానేదాకా ఇదే పని లక్షల చుట్లు తిరగాలి. పాత అంకెలకొక పట్టిక, కొత్తవాటికొక పట్టిక, ఒక్కోటి 32 ఎంబీ. ఒక యంత్రంలో పట్టే లెక్కే కాదు. అందుకని పలకను 250 వరసల చొప్పున ఎనిమిది పట్టీలుగా కోసి పంచాం. ప్రతి చుట్టుకీ పక్క పట్టీల వాళ్ళు తమ అంచు వరసను ఇచ్చిపుచ్చుకోవాలి. వరసకి 16,000 బైట్లు, చుట్టుకి 14 వరసలు.

ఎనిమిది యంత్రాలు పెడితే ఎనిమిది రెట్ల వేగం వస్తుందని ఆశపడ్డాం. మూడు రెట్ల చిల్లర వచ్చింది. హబ్‌లో ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు ఆగాల్సిందే. సార్ బోర్డు మీద 1967 నాటి అమ్‌డాల్ సూత్రం రాశారు. పనిలో పదో వంతు పంచడానికి వీల్లేనిదైతే, ఎన్ని యంత్రాలు తెచ్చినా పది రెట్లు దాటవు. మాది కళ్యాణదుర్గం పక్క పల్లె. మా చేన్లో ఇరవైమంది శెనక్కాయ పీకుతున్నా, కళ్లానికి తోలే బండి ఒకటే అయితే పొద్దు కుంగేదాకా చేన్లోనే కుప్పలు పడి ఉండేవి. ఆ బోర్డు మీది సూత్రం నాకు ఆ కుప్పల్లాగే కనపడింది.

లెక్క పూర్తి కావాలంటే ముప్పై గంటలు. మార్చిలో ఒక శనివారం మధ్యాహ్నం మూడింటికి మొదలుపెట్టి హాస్టల్‌కి వెళ్ళిపోయాను. మా గేటు ఎనిమిదికే మూసేవాళ్ళు. ఆదివారం పొద్దున వచ్చి చూస్తే ఎనిమిది తెరల మీదా లాగిన్ అడుగుతోంది. లక్షా ముప్పై వేల చుట్లు తిరిగిన లెక్క, గుర్తు కూడా లేకుండా పోయింది.

ల్యాబ్ అటెండరు అన్న తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. "రేత్రి రెండూ పదికి కరెంటు పాయ పాపా. నేను జనరేటర్ ఏసినా. మీ పెట్టెలు ఆ లైన్లో లేవు కదా, సర్వరు ఒకటే ఉండాది." తన తప్పేమీ లేదని చూపించడానికి కాబోలు, బల్ల సొరుగులోంచి పొడుగాటి రిజిస్టరు తీసి నా ముందు పెట్టాడు. ఎర్ర ఇంకుతో గీసిన గళ్ళు. తేదీ, కరెంటు పోయిన టైము, వచ్చిన టైము, జనరేటరుకి పోసిన డీజిలు. డీజిలుకి లెక్క చెప్పాలి కాబట్టి ఒక్క కోత కూడా వదలకుండా రాసి పెట్టాడు.

ఇంకో రెండుసార్లు మొదలుపెట్టాం. రెండుసార్లూ అంతే. మూడోసారి పోయినప్పుడు నేను ఆ రిజిస్టరు అడిగి తీసుకొని కూర్చున్నాను. ఆరు వారాల్లో 126 కోతలు. అంటే సగటున ఎనిమిది గంటలకొకటి. కోత ఎప్పుడైనా రావచ్చనుకుంటే, ముప్పై గంటలు ఆగకుండా నడిచే అవకాశం నూటికి రెండున్నర కూడా లేదు. ఆ కాగితం సార్‌కి చూపించాను. ఆయన ఏమీ అనకుండా బీరువాలోంచి జాన్ యంగ్ 1974లో రాసిన రెండు పేజీల వ్యాసం జెరాక్స్ తీసి ఇచ్చారు.

ఆ రెండు పేజీల్లో ఉన్నది ఇంతే. నడుస్తున్న లెక్కను అప్పుడప్పుడు ఆపి, ఉన్నదున్నట్టు డిస్కు మీద రాసిపెట్టుకోవాలి. దాన్ని చెక్‌పాయింట్ అంటారు. మరీ తరచుగా రాస్తే రాయడానికే పొద్దు పోతుంది, మరీ అరుదుగా రాస్తే కోత వచ్చినప్పుడు ఎక్కువ పోతుంది. ఒకసారి రాయడానికి పట్టే సమయాన్ని, రెండు కోతల మధ్య సగటు సమయాన్ని హెచ్చించి, దాన్ని రెట్టింపు చేసి వర్గమూలం తీస్తే ఎంతసేపటికొకసారి రాయాలో తెలుస్తుంది. మా 32 ఎంబీ పట్టిక హబ్ మీదుగా సర్వరుకు చేరడానికి ఒక నిమిషం. కోతల మధ్య 480 నిమిషాలు. లెక్క కడితే 31 నిమిషాలు. నా చేత్తో కట్టిన ఆ 31ని చూసి ఎంత సంతోషపడ్డానో ఇప్పటికీ గుర్తుంది. అటెండరు రాసిన డీజిలు లెక్క, నేను ఎన్నడూ చూడని ఒక మనిషి సూత్రం, రెండూ కలిసి మా ల్యాబ్‌కి జవాబు చెప్పాయి.

అయినా ఒక దెబ్బ తిన్నాం. ప్రతిసారీ ఒకే ఫైలు మీద తిరగరాసేవాళ్ళం. ఒక రాత్రి సరిగ్గా రాసే నిమిషంలోనే కరెంటు పోయింది. కొత్తది సగమే రాసింది, పాతది అప్పటికే చెరిగిపోయింది. ఆ తర్వాత రెండు ఫైళ్ళు పెట్టాం. ఒకసారి దీంట్లో, ఒకసారి దాంట్లో. కొత్తది పూర్తయ్యేదాకా పాతదాన్ని ముట్టుకోకూడదు. ఈ జాగ్రత్త ఏ సిలబస్‌లోనూ మాకు చెప్పలేదు.

ఇక రాత్రిపూట కరెంటు వచ్చాక మళ్ళీ మొదలుపెట్టేదెవరు? అన్నే. కొట్టాల్సిన రెండు వరసలు పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి మొదటి మానిటరుకు అంటించాం. ఒక్కో అక్షరం కీబోర్డు మీద వెతికి, చూపుడు వేలితో కొట్టి, మళ్ళీ కాగితంతో సరిచూసుకొని ఎంటర్ నొక్కేవాడు. తానే రిజిస్టరులో ఇంకో గడి గీసుకొని "పాప లెక్క మల్లా మొదులు" అని టైము వేసేవాడు. మూడో రోజు రాత్రి లెక్క పూర్తయింది.

తర్వాత బెంగళూరు, పీహెచ్‌డీ. అక్కడ నాకు దొరికిన పెద్ద నిధి 1985లో చాందీ, లాంపోర్ట్ రాసిన వ్యాసం. చాందీ మద్రాస్ ఐఐటీలో చదువుకున్నవాడు. మా పలక లెక్కలో అందరూ అడుగులో అడుగు వేసేవాళ్ళు కాబట్టి ఆగి రాసుకోవడం సులువు. ఎవరి దారిన వాళ్ళు నడుస్తూ, మధ్యలో సందేశాలు ప్రయాణిస్తూ ఉంటే? దాన్ని నేను పిల్లలకు కళ్లాల మీద చెప్తాను. నాలుగు ఊళ్ళ కళ్లాల్లో శెనక్కాయ మూటలున్నాయి, ఊరి నుంచి ఊరికి బండ్లు తిరుగుతూనే ఉన్నాయి. పని ఆపకుండా మొత్తం మూటలు లెక్కపెట్టాలి. ఒక్కో ఊళ్ళో ఒక్కో వేళకు లెక్కపెడితే దారిలో ఉన్న బండి రెండుసార్లు పడుతుంది, లేదా అసలే పడదు. వాళ్ళు చెప్పిన ఉపాయం ఏమిటంటే, నీ కళ్లం లెక్క రాసుకోగానే ప్రతి దారికీ ఒక మనిషిని పంపు. ఆ మనిషి చేరిన ఊరు అప్పటికింకా రాసుకోకపోతే వెంటనే రాసుకొని, తనూ అన్ని దారులకూ మనుషుల్ని పంపుతుంది. రాసుకున్న తర్వాత, ఒక దారిలో మనిషి కంటే ముందు వచ్చిన బండ్లను ఆ దారి లెక్కలో వేస్తుంది. బండ్లు ఒకదాన్నొకటి దాటకుండా వస్తే చాలు, ఒక్క మూట తప్పదు. ఇంత అందమైన ఆలోచన మన రంగంలో ఇంకోటి లేదని నా నమ్మకం.

బెంగళూరులోనే ఇంకో సంగతి తెలిసి రోజంతా మనసు మన ఊరి చుట్టూనే తిరిగింది. అక్కడి భారతీయ విజ్ఞాన సంస్థ ఐఐఎస్సీలో వాతావరణ శాస్త్రవేత్త సులోచనా గాడ్గిల్, ఆమెతో పనిచేసినవాళ్ళు మన అనంతపురం వర్షాధార శెనక్కాయను ఎప్పుడు విత్తితే మేలని, పీనట్‌గ్రో అనే పంట నమూనాను మన దశాబ్దాల వాన లెక్కలతో నడిపి చూశారు. ఒక్కో ఏడు, ఒక్కో విత్తే తేదీ దేనికదే విడి లెక్క. ఒకటి పోతే అదొక్కటే మళ్ళీ చేస్తే సరి, పక్కవాటికి నష్టం లేదు. మా నాయన ఏటా మబ్బు చూసి గుండె గుబగుబలాడుతూ వేసే ప్రశ్న అది. కంప్యూటరు దాన్ని వందలసార్లు వేస్తోంది.

2022లో అమెరికాలోని ఓక్ రిడ్జ్‌లో ఫ్రాంటియర్ అనే సూపర్‌కంప్యూటర్ ఎక్సాఫ్లాప్, అంటే సెకనుకు ఒకటి పక్కన 18 సున్నాలన్ని లెక్కలు, దాటినప్పుడు అందరూ వేగం గురించే మాట్లాడారు. 1993 నుంచి వస్తున్న సూపర్‌కంప్యూటర్ల టాప్500 జాబితా కొలిచేదీ వేగాన్నే. నాకు అది సగం మాటే అనిపిస్తుంది. అలాంటి యంత్రంలో తొమ్మిది వేలకు పైగా నోడ్లు, అంటే విడివిడి కంప్యూటర్లు, ఉంటాయి. ఒక్కో నోడు అయిదేళ్ళకొకసారి మాత్రమే చెడుతుందనుకోండి, చాలా మంచి యంత్రమే. అయినా మొత్తం మీద అయిదు గంటలు తిరక్కుండా ఎక్కడో ఒకటి పోతూనే ఉంటుంది. మన ల్యాబ్‌లో మాకు ఎనిమిది గంటలుండేవి. ఇప్పుడు మేము రాసే పద్ధతుల్లో ప్రతి నోడూ తన లెక్కను పక్క నోడు మెమరీలో దాచుకుంటుంది, తీరిక చూసుకొని డిస్కుకు పంపుతుంది. చివరికి ఎంతసేపటికొకసారి అంటే, ముందు కట్టి చూసేది యంగ్ వర్గమూలమే.

సార్ లేరిప్పుడు. అన్న రిటైరై తాడిపత్రిలో కొడుకు దగ్గరుంటున్నాడు. పోయినేడు వెళ్ళి కలిశాను. ఆ పాత రిజిస్టర్లన్నీ తుక్కు కింద పోయాయని చెప్పి, తనే ఎక్కువ బాధపడ్డాడు. నా దగ్గర ఒక పేజీ జెరాక్స్ ఉందంటే నమ్మలేదు. ఫోన్లో ఫోటో చూపించాను. కళ్ళజోడు పైకెత్తి, వేలితో వరస వెంబడే పోతూ, గట్టిగా చదివాడు. "రేత్రి రెండూ పదికి పాయ. మూడూ ఇరవై అయిదుకు వచ్చె. డీజిలు మూడు లీటర్లు."