పిల్లల కోసం బదనిక బొమ్మల పుస్తకం: పని ఎంతవరకు వచ్చిందంటే

అచ్చంపేట నుంచి మన్ననూరు వైపు పోతుంటే ఎండాకాలం మొదట్లో ఆకు రాలిన చెట్ల మీద అక్కడక్కడ ఒక పచ్చటి గుబురు మాత్రం కనిపిస్తుంది. అదే బదనిక. దాని మీద ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలకు ఒక చిన్న పుస్తకం గీస్తున్నాను.

నవంబర్‌లో మొదలుపెట్టినప్పుడు మొదటి పేజీలో పువ్వు ఉండాలనుకున్నా. తోటలో కొట్టేసిన, బదనిక పట్టిన మామిడి కొమ్మ ఒకటి తెచ్చి మా చెల్లెలి పిల్లల ముందు పెడితే, వాళ్లు పువ్వు వదిలేసి రెండు కొమ్మలు కలిసే చోట ఉబ్బిన బొడిపెనే పట్టుకుని కూర్చున్నారు. "మామా, దీనికి వేర్లు లేవా? మరి నీళ్లెట్ల తాగుతది?" అని చిన్నోడు అడిగాడు. అందుకే ఇప్పుడు పుస్తకం ఆ బొడిపెతోనే మొదలవుతుంది. బదనిక అక్కడ బెరడు లోపలికి దిగి చెట్టు నీళ్లు, ఖనిజాలు లాక్కుంటుంది, ఆకులు పచ్చవే కాబట్టి ఆహారం మాత్రం తనే తయారుచేసుకుంటుంది. నీళ్లు పక్కింటివి, వంట తనది అని చెబితే పిల్లలకు వెంటనే ఎక్కింది. దీని పక్క పేజీలో సీతమ్మ పోగునూలు పెట్టాను, ఆ పసుప్పచ్చ దారాలకు చెప్పుకోదగ్గ ఆకులే ఉండవు, అన్నీ పక్క మొక్క నుంచే రావాలి.

"దొంగ మొక్క" అనే మాట పుస్తకంలో ఎక్కడా రానివ్వలేదు. కొల్లాపూర్ మామిడి రైతుకు దీనితో నష్టమన్నది నిజమే, ఎక్కువైతే కొమ్మలు ఎండుతాయి, అది రాశాను. కాయలు పండకముందే, బొడిపెకు జానెడు కింద నుంచి కొమ్మతో సహా కోయాలని కూడా రాశాను, ఎందుకంటే పైపైన విరిస్తే మళ్లీ చిగురిస్తుంది.

పువ్వు గీయడం కష్టంగానే ఉంది. నారింజ ఎరుపులో కొంచెం వంగిన సన్నటి గొట్టం, చివర వెనక్కి మడుచుకున్న రేకులు. తేనెపిట్టలు దీని కోసమే వస్తాయి. ఎత్తులో ఉంటుంది కాబట్టి చెట్టు కింద రాలినవి ఏరి, తడి గుడ్డలో చుట్టి తెచ్చుకుంటే గీసేదాకా వాడవు. అమ్రాబాద్ పులుల అడవిలో మాత్రం ఏదీ తెంపొద్దు, అక్కడ ఫోటో చాలు.

పిల్లలకు అన్నిటికంటే నచ్చింది గింజ. 8 సెంటీమీటర్ల పొడవుండే ఫ్లవర్‌పెకర్ అనే పిట్ట పండు మింగుతుంది, గింజ కొన్ని నిమిషాల్లోనే బయటికొచ్చేస్తుంది, అది జిగురుగా ఉంటుంది కాబట్టి పిట్ట తన వెనక భాగాన్ని కొమ్మకు రుద్ది వదిలించుకుంటుంది. ఆ పేజీ దగ్గర నవ్వులే నవ్వులు. మేము కూడా పండు నలిపి గింజలు ఒక ఎండు వెదురు పుల్లకు, కిటికీ ఊచకు అంటించాం. మట్టి లేకుండానే పచ్చటి మొలక బయటికొచ్చి పుల్ల వైపు వంగింది, తాగడానికి ఏమీ దొరక్క తర్వాత ఎండిపోయింది. ఇంట్లో చేసేవాళ్లు బతికున్న చెట్టు జోలికి పోకుండా ఇలాగే చేయండి, పండు నోట్లో పెట్టుకోవద్దని పిల్లలకు ముందే చెప్పండి.

శ్రీగంధం మీద ఒక పేజీ అయింది. అదీ ఈ కోవలోదే, కాకపోతే పని నేల కింద వేళ్లతో చేస్తుంది, గంధం మొక్క పక్కన కంది వేసేది అందుకే.

మిగిలింది జెజెబెల్ సీతాకోకచిలుక. బదనిక ఆకు మీద పసుపు గుడ్లు వరసగా పెడుతుంది, పుట్టిన గొంగళిపురుగులు గుంపుగా ఆ ఆకులే తింటాయి. రెక్కల అడుగున పసుపు, అంచు వెంట ఎర్ర మచ్చలు. ఆ ఎరుపు కలర్ పెన్సిల్‌తో రావడం లేదు, పోస్టర్ కలర్‌తో వేసి చూడాలి, అందుకు ఈ పేజీ ఒక్కదానికి మందం కాగితం తెస్తున్నా.