రెండోసారీ "బాక్సే పోయింది" అన్నారు

మా ఇల్లు ఒడిశాలోని రాయగడలో. నాన్న పేపర్ మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. ఎడమ మోకాలికి ఆపరేషన్ అయ్యాక క్లచ్ నొక్కడం ఆయన వల్ల కాలేదు. కారు తీయడం మానేస్తే ఆయన ఇంట్లోనే ముడుచుకుపోతారని నా భయం. అందుకే 2010 మోడల్ ఆటోమేటిక్ హ్యాచ్‌బ్యాక్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. దానిది నాలుగు గేర్ల టార్క్ కన్వర్టర్ గేర్ బాక్స్, అంటే ఇంజన్ ఊపుని ఆయిల్ ద్వారా అందుకుని గేర్లు తనే మార్చుకునేది. మూడేళ్లు ఏ పేచీ లేకుండా తిరిగింది.

పోయిన వానాకాలంలో లక్ష్మీపూర్ ఘాట్‌లో రోడ్డు మీదికి జారిన రాయి ఒకటి బాక్స్ కింద ఆయిల్ నిలిచే పాన్‌కి తగిలింది. పాన్ సన్నగా చిట్లింది. ఆయిల్ కారిపోతోందని మాకు తెలిసేసరికి చాలా దూరం వచ్చేశాం. ఊళ్లోకి అడుగు పెట్టేటప్పటికి ఇంజన్ అరుస్తోంది గానీ బండి కదలట్లేదు. ఆటోమేటిక్‌లో క్లచ్ పెడల్ ఉండదు గానీ బాక్స్ లోపల గేర్లని పట్టే క్లచ్ ప్లేట్లుంటాయి. విప్పితే వాటి మీది లైనింగ్ గోటికి బొగ్గులా రాలింది. ఆ బాక్స్ పని అయిపోయింది.

విశాఖలో పాత పార్టులు అమ్మే ఒకాయన దగ్గర అదే బాక్స్ దొరికింది. 26 వేలు. బాక్స్ మీద అతికించిన కోడ్‌ని, మా పాత బాక్స్ కోడ్‌తో ఫొటోలు పెట్టి అక్షరం అక్షరం పోల్చుకున్నాకే డబ్బు పంపాను. ఇది మాత్రం ఎవరైనా తప్పకుండా చేయాలి. పైకి ఒకేలా ఉన్న బాక్సుల్లో కూడా ఇంజన్‌ని బట్టి లోపలి పళ్ల నిష్పత్తి మారుతుంది. పాతదాన్ని పాత ఇనుము కింద అమ్మేద్దామన్నాడు మా మెకానిక్. నాన్న ఒప్పుకోలేదు. "ఉండనీరా, దేనికో దానికి పనికొస్తాది" అని గోనెసంచి కప్పించి పెరట్లో ఒక మూలన పెట్టించారు.

కొత్తగా వేసిన ఈ పాత బాక్స్ మొదటి రెండు రోజులూ బాగా నడిచింది. మూడో రోజు సింగపూర్ రోడ్ స్టేషన్ దాకా వెళ్లి వస్తుంటే ఒక్కసారి ధన్‌మని కుదుపు. ఆ తర్వాత బండికి ఊపు లేదు. సిగ్నల్ దగ్గర ఆగి మళ్లీ కదలాలంటే, మాన్యువల్ కారుని మూడో గేరులో లాగుతున్నట్టు మూలుగుతోంది. పక్కకి ఆపి, తాళం తీసి మళ్లీ వేస్తే ఏమీ జరగనట్టే నడిచింది. పది నిమిషాలకి మళ్లీ అదే కుదుపు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు మాత్రం ఏ లోపమూ ఉండేది కాదు.

మెకానిక్ చూసి బ్యాటరీ టెర్మినల్ తీసి పెట్టాడు. "రీసెట్ అయిపోద్ది సార్" అన్నాడు. కాలేదు. మర్నాడు మళ్లీ తీశాడు. నాలుగోసారికి, "బాక్సే పోయింది సార్, మరోటి తెప్పించండి" అనేశాడు. అమ్మినాయనకి ఫోన్ చేస్తే, "గేర్లు పడ్డాయా లేదా? పడ్డాయి కదా, అక్కడితో నా వారంటీ అయిపోయింది" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. డబ్బు టెన్షన్ ఒకటి. నాన్న ఏమీ అనకుండా కారు తాళాలు తీసి టీవీ పక్కన గూట్లో పెట్టేయడం ఇంకొకటి.

బాక్స్ పోయింది అంటే ఏం పోయింది? దాని లోపల ఉండేవి మూడు: ఆయిల్, కరెంటు, ఇనుము. ఏది పోయిందో తేల్చకుండా ఇంకో 26 వేలు పోయదల్చుకోలేదు.

ముందు ఆయిల్ చూశాను. ఈ బండి బాక్స్‌కి ఆయిల్ మట్టం చూసే కడ్డీ, డిప్‌స్టిక్, ఉంది. ఇంజన్ ఆపి చూస్తే ఆ లెక్క తప్పు. బండి బాగా వేడెక్కాక, సమతలంలో నిలిపి, ఇంజన్ నడుస్తుండగా బ్రేక్ తొక్కి లీవర్‌ని అన్ని స్థానాల్లోకీ ఒక్కోసారి తిప్పి, అప్పుడు చూడాలి. మట్టం హాట్ గీతల మధ్యే ఉంది. కానీ రంగు నచ్చలేదు. వారం కిందట పోసిన ఎర్రటి ఆయిల్ టీ డికాషన్ రంగుకి వచ్చేసింది. కొత్త ఆయిల్ ఇంత త్వరగా ఎందుకు మాడుతుంది? అప్పుడు తట్టింది. ఈ ఆయిల్ చల్లబడటానికి రేడియేటర్ అడుగున ఉన్న కూలర్‌లోకి వెళ్లి వస్తుంది. పాత బాక్స్ మాడినప్పుడు ఆ మసి అంతా అక్కడే చేరి ఉంటుంది. అడిగితే, కూలర్ కడగలేదని మెకానిక్ ఒప్పుకున్నాడు. గొట్టం విప్పి ఆయిల్ బకెట్‌లోకి వదిలిస్తే మొదటి అర లీటరు నల్లగా, అడుగున ఇసకలాంటి పొడితో వచ్చింది. శుభ్రంగా వచ్చేదాకా కడిగించి కొత్త ఆయిల్ పోయించాను. బండితో వచ్చిన పుస్తకంలో రాసిన రకమే, ఎస్‌పీ-3. షాపువాళ్లు ఏదైనా ఒకటే అంటారు గానీ, క్లచ్ ఎంత పట్టాలి, ఎంత జారాలి అన్నది ఆ ఆయిల్ మీదే ఆధారపడి ఉంటుంది.

కుదుపు మాత్రం పోలేదు.

ఇనుము సంగతి తేల్చడానికి స్టాల్ టెస్ట్ చేశాం. ఎదురుగా ఎవరూ లేని చోట, చక్రాలకి అడ్డు పెట్టి, హ్యాండ్ బ్రేకూ కాలి బ్రేకూ గట్టిగా పట్టి, లీవర్‌ని డీ (డ్రైవ్)లో ఉంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కడం. అయిదు సెకన్లకి మించి తొక్కకూడదు, మించితే మంచి బాక్స్ కూడా మాడుతుంది. క్లచ్ జారుతుంటే ఇంజన్ స్పీడ్ ఆగకుండా పైకి పోతుంది. మాది నిమిషానికి 2,300 చుట్ల దగ్గర ఆగిపోయింది. రివర్స్‌లోనూ అంతే. అంటే బండిని కదిలించే క్లచ్‌లు పట్టు మీదే ఉన్నాయి. అది చూశాక ప్రాణం కొంచెం కుదుటపడింది.

ఇక మిగిలింది కరెంటు. బాక్స్ దించి ఎక్కించేటప్పుడు ఎర్త్ తీగ సరిగా బిగించలేదేమోనని చూస్తే నిజంగానే వదులుగా ఉంది. బిగించాను. రెండు రోజులు బాగుందనిపించి, మూడో రోజు మళ్లీ మొదలైంది. నా ఫోన్‌కి కలిపే చవక స్కానర్, ఇంజన్‌లో తప్పు ఎక్కడుందో చెప్పే కోడ్‌లు చదువుతుంది గానీ ఈ బాక్స్ కంప్యూటర్‌తో మాట్లాడలేదు. పార్వతీపురంలో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర పెద్ద స్కానర్ ఉందని తెలిసి, కూనేరు దాటి కొమరాడ మీదుగా మెల్లగా వెళ్లాను. ఆయన నా కథంతా విని అడిగిన మొదటి ప్రశ్న:

"టెర్మినల్ ఎవలైనా తీసేరా బాబూ?"

"ప్రతిసారీ తీశారండీ."

"అదే మరి. బాక్స్ కంప్యూటర్ తప్పు ఎక్కడుందో రాసి పెట్టుకుంటంది, మీరు చెరిపేత్తన్నారు."

కొన్ని బళ్లలో బ్యాటరీ తీసినా కోడ్‌లు ఉంటాయట, మా దాంట్లో ఉండవు. మళ్లీ బండి వేడెక్కేదాకా ఊరి చుట్టూ తిప్పి, కుదుపు రాగానే తాళం ముట్టుకోకుండా నేరుగా ఆయన షెడ్డుకి తెచ్చాను. కోడ్ పడింది: పీ0760. షిఫ్ట్ సోలెనాయిడ్ సి. మా బాక్స్‌లో అది రెండో గేరుకి ఆయిల్ వదిలే విద్యుత్ కవాటం. దాని సర్క్యూట్ తెగినట్టు కనిపిస్తే, కంప్యూటర్ ఇంకేమీ పాడవకుండా సోలెనాయిడ్లన్నిటికీ కరెంటు ఆపేస్తుంది. కరెంటు లేనప్పుడు ఈ బాక్స్‌లో ఆయిల్ తనంత తాను వెళ్లే దారి మూడో గేరుది. ఇన్నాళ్లూ బండి మూలిగింది అందుకే. తాళం తీసి వేస్తే మళ్లీ మొదటి నుంచి చూసుకుంటుంది కాబట్టి కాసేపు నడిచేది.

ఇంటికొచ్చి రాత్రంతా చల్లారనిచ్చి, పొద్దున్న బాక్స్ కనెక్టర్ దగ్గర మల్టీమీటర్ పెట్టాను. గేర్లు మార్చే నాలుగు సోలెనాయిడ్లూ మూడు ఓంల చుట్టుపక్కలే చూపించాయి. తేడా లేదు. బండి వేడి చేసి మళ్లీ చూస్తే మూడింటిలో అంకె కాస్త పెరిగింది అంతే, ఆ సి సోలెనాయిడ్‌కి మాత్రం అంకె లేనే లేదు.

మెకానిక్‌ని బతిమాలి కింది పాన్ విప్పించాం. పాన్‌లోని అయస్కాంతం మీద బూడిదరంగు మెత్తటి ముద్ద మాత్రమే ఉంది, ఇనుప తునకల్లేవు. సోలెనాయిడ్లు బిగించి ఉండే ఆయిల్ దారుల దిమ్మ, వాల్వ్ బాడీని మొత్తంగా దించనివ్వలేదు, దించితే లోపలి ఉక్కు గోళీలు జారతాయి. ఆ ఒక్క సోలెనాయిడే తీశాం. మా ఆవిడ హెయిర్ డ్రయ్యర్‌తో దాన్ని వేడి చేస్తూ మీటర్ ముళ్లు ఆనించాను. 3.1... 3.2... రెండు నిమిషాలకి అంకె ఒక్కసారి ఎగిరి, తెర మీద ఓపెన్ అని నిలిచిపోయింది. ఊదుతూ చల్లార్చితే మళ్లీ 3.1. చుట్టలో ఎక్కడో వెంట్రుకంత తీగ తెగి, చల్లగా ఉన్నప్పుడు ఆనుకుంటోంది, వేడికి విడిపోతోంది. మెకానిక్ కూడా వంగి చూశాడు. "ఇంకోసారి పెట్టండి సార్" అన్నాడు. ఇంకోసారి చూపించాను.

అప్పుడు నాన్న ఏమీ అనకుండా లేచి, కర్ర పట్టుకుని పెరట్లోకి నడిచారు. గోనెసంచి తీశారు.

పాత బాక్స్ క్లచ్‌లు మాడాయి గానీ సోలెనాయిడ్లు మాడలేదు. నాలుగింటినీ డ్రయ్యర్‌తో వేడి చేసి పరీక్షించాను. నాలుగూ నిలబడ్డాయి. అందులో అదే స్థానంలోది తీసి, జాలీకి పట్టిన మసి కడిగి, కొత్త ఓ-రింగ్ (ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగు) వేసి బిగించాం. కారిన ఆయిల్ నాలుగు లీటర్లు పట్టింది, అంతే కొత్తది పోశాం. ఖర్చు ఆయిల్‌కీ, ఓ-రింగ్‌కీ, మెకానిక్ కూలీకీ, పార్వతీపురం స్కానింగ్‌కీ కలిపి 5 వేలు దాటలేదు.

మొదటి 200 కిలోమీటర్లు మెల్లగా నడిపాను, కంప్యూటర్ మార్చిన సోలెనాయిడ్‌కి అలవాటు పడాలి కదా. ఆ తర్వాతి ఆదివారం నాన్న గూట్లోంచి తాళాలు తీసుకున్నారు. మజ్జిగౌరి గుడికి వెళ్లి, అక్కడి నుంచి లక్ష్మీపూర్ వైపు తిప్పారు. ఘాట్ ఎక్కుతుంటే నేను పక్క సీట్లో ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. మూడు నుంచి రెండుకి, రెండు నుంచి మూడుకి మారుతున్నట్టే తెలియలేదు. రాయి తగిలిన మలుపు దగ్గర నాన్న బండి నెమ్మది చేసి, రోడ్డు మధ్యలో ఏమైనా పడుందేమో చూసి, ముందుకి పోనిచ్చారు.

మిగిలిన మూడు సోలెనాయిడ్లనీ ఒక్కోటి ఏ స్థానానిదో చీటీ రాసి, ఆయిల్ గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాను.